తాకితే పలికే వస్త్రం

బట్టల దుకాణంలో మన పెద్దవారు చీరను ఎంచుకునే తీరు అందరికీ తెలిసినదే. వారు ముందుగా ధర అడగరు. రంగును కూడా ఆ తరువాతే చూస్తారు. కొంగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నలిపి చూస్తారు. అది పట్టో, నూలో, కలిపి నేసినదో చేయి చెప్పేస్తుంది. తరతరాలుగా మనిషి వస్త్రాన్ని తాకి దాని గుణం తెలుసుకుంటున్నాడు. వస్త్రమే మనిషి తాకిడిని గుర్తించి, ఆ సంగతిని మరొకచోటికి తెలియజేయగలిగితే ఎలా ఉంటుంది? ఇది కథలోని మాయావస్త్రం కాదు. విద్యుత్తును ప్రవహింపజేసే పోగులతో నేసిన గుడ్డలు, వాటితో తయారయ్యే స్పర్శ సెన్సార్లు గత మూడు దశాబ్దాలుగా ప్రయోగశాలల నుండి ఒక్కొక్కటిగా బయటకు వస్తున్నాయి.

ఈ విషయంపై మాకు ఆసక్తి కలగడానికి కారణం పుస్తకాలు కావు. మన కాలనీలోనే నివసిస్తున్న ఒక విశ్రాంత ఉద్యోగికి పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చేయి పడిపోయాయి. మాట కూడా పోయింది. వారు ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో మాకు పని నేర్పిన పెద్దలు, మాకందరికీ అన్నగారు. పరామర్శకు వెళ్లిన మాతో ఒక సాయంత్రం వదినగారు అన్న మాట ఇది: "రెండు గంటలకొకసారి పక్క మార్చమన్నారు నాయనా. పగలు బాగానే చేస్తున్నాను. రాత్రి ఒక్కోసారి నాకే కన్ను మూతపడుతోంది. ఆయన పిలవలేరు. తెల్లారి లేచేసరికి నడుం కింద ఎర్రగా కంది ఉంటోంది. మీరంతా మిషన్లకు ప్రెషరు చూసే మీటర్లు పెట్టే వాళ్లు కదా, మనిషికి పెట్టలేరా?"

ఆ ప్రశ్నకు మా వద్ద వెంటనే సమాధానం లేదు. ఆ సమాధానం వెదుకుతూ మేము చదివినది, చేసి చూసినది, విఫలమైనది పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ కుటుంబం అనుమతితోనే ఈ సంగతులు రాస్తున్నాము. వారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

జరీ అంచులో విద్యుత్తు

విద్యుత్ వాహక వస్త్రం అనగానే ఏదో విదేశీ వింత అనిపించవచ్చు. నిజానికి అది మన బీరువాలోనే మడత పెట్టి ఉన్నది. అసలైన జరీ అంటే ఏమిటి? సన్నని వెండి తీగను సాగదీసి, చదును చేసి, పట్టు లేదా నూలు దారం చుట్టూ మెలికలుగా చుట్టి, దానికి బంగారు పూత పూస్తారు. లోపల దారం, పైన లోహం. వంగడం, మడత పడడం దారం గుణం. విద్యుత్తును మోసుకుపోవడం వెండి గుణం. ఈ రెండు గుణాలూ ఒకే పోగులో చేరాయి. మన కంచిపట్టు, ధర్మవరం, గద్వాల చీరలకు ఎన్నో ఏళ్లుగా జరీ సూరత్ నుండి వస్తున్నది. నేతగాడు దానిని అందం కోసం వాడాడు. ఇంజనీరు దృష్టికి అది వంగే విద్యుత్ తీగ.

ఇది మేము ఇంట్లో పరీక్షించి చూసిన సంగతే. మా ఇంటి పెద్దల కాలంనాటి పట్టుచీర అంచుకు రెండు కొసల వద్ద మల్టీమీటర్ ముళ్లను ఆనిస్తే, తీగ తెగలేదని చెప్పే కూత వినిపించింది. నేటి చవక రకం జరీ మీద అదే పరీక్ష చేస్తే మీటర్ మౌనంగా ఉన్నది. కారణం స్పష్టమే. ఇప్పటి జరీలో చాలా భాగం లోహపు పూత పూసిన ప్లాస్టిక్ పొర. దానిపై రంగు, మెరుపు కోసం మరొక పారదర్శకమైన పూత ఉంటుంది. మెరుపు ఉన్నచోటల్లా వాహకత ఉండదన్నమాట.

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన మీడియా ల్యాబ్‌లో రేమీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ అనే పరిశోధకులు 1997లో వస్త్రంతోనే విద్యుత్ సర్క్యూట్లు తయారు చేసే మార్గాలను ప్రకటించారు. వారు మొదట వాడిన పదార్థాలలో ముఖ్యమైనది లోహపు రేకు చుట్టిన దారాన్ని పేకగా వేసి నేసిన పట్టు ఆర్గంజా. ఈ తరహా వస్త్రాన్ని భారతదేశంలో కనీసం ఒక శతాబ్దంగా నేస్తున్నారని వారే తమ పత్రంలో పేర్కొన్నారు. పడుగు పట్టు పోగు కనుక ఆ దిశలో విద్యుత్తు ప్రవహించదు. పేక దిశలో ప్రవహిస్తుంది. అంటే ఒకే గుడ్డలో పక్కపక్కనే ఒకదానికొకటి తగలని వందల తీగలు వరుసగా పరచి ఉన్నట్లే. నేతలోని ఈ సహజ క్రమమే వారికి పనికివచ్చింది.

గుడ్డకు వాహకత్వం వచ్చే మార్గాలు

నేడు వాహక వస్త్రాలను ప్రధానంగా నాలుగు పద్ధతులలో తయారు చేస్తున్నారు.

మొదటిది, జరీ పద్ధతి. దారం చుట్టూ లోహపు తీగనో, రేకునో చుట్టడం. రెండవది, ఉక్కు పోగు. స్టెయిన్‌లెస్ స్టీలును వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నగా, సుమారు 10 మైక్రాన్ల మందంలో సాగదీసి, నూలుతోనో పాలిస్టర్‌తోనో కలిపి వడుకుతారు. మన తలవెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు. అంత సన్నగా సాగిన ఉక్కు నూలు పోగులాగే మెత్తగా వంగుతుందంటే ఆశ్చర్యమే. మూడవది, పూత పద్ధతి. నైలాన్ పోగులపై రసాయన చర్య ద్వారా వెండి పూత పూస్తారు. ఈ గుడ్డ తేలికగా, సాగే గుణంతో ఉంటుంది. నాలుగవది, కార్బన్ లేదా వాహక పాలిమర్‌ను గుడ్డకు పట్టించడం. ప్లాస్టిక్ అంటే విద్యుత్ బంధకం అని మనం బడిలో చదువుకున్నాము. కొన్ని ప్లాస్టిక్‌లను విద్యుత్ వాహకాలుగా మార్చవచ్చునని కనుగొన్నందుకు అలన్ హీగర్, అలన్ మెక్‌డయార్మిడ్, హిడెకి షిరకవాలకు 2000 సంవత్సరంలో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఈ పదార్థాలలో కొన్ని మన రంగానికి కొత్తవి కావు. 400 కిలోవోల్టుల లైనులో సరఫరా ఆపకుండానే మరమ్మతు చేసే సిబ్బంది ధరించే దుస్తులు వాహక వస్త్రంతో చేసినవే. తల నుండి పాదం వరకు కప్పే ఆ దుస్తులను లైనుకు కలుపుతారు. దానితో దుస్తులూ, లోపలి మనిషీ, తీగా ఒకే పొటెన్షియల్‌లో ఉంటాయి. తీవ్రమైన విద్యుత్ క్షేత్రం దుస్తుల పైభాగానే ఆగిపోతుంది. అలాగే బొగ్గు ధూళిని వడకట్టే సంచులలో స్థిర విద్యుత్తు పేరుకొని నిప్పురవ్వ పుట్టకుండా ఉక్కు పోగులు కలిపిన గుడ్డను వాడి, దానిని భూమికి కలుపుతారు. మనిషి ప్రాణాన్ని కాపాడే పనిలో వాహక వస్త్రం ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నది. స్పర్శను కనిపెట్టడం దానికి అప్పగించిన కొత్త బాధ్యత.

స్పర్శను కనిపెట్టే మూడు విధాలు

తాకిడిని గుర్తించడానికి వస్త్రం అనుసరించే మార్గాలు మూడు.

మొదటిది స్విచ్ మార్గం. రెండు వాహక గుడ్డల మధ్య వల వంటి బంధక గుడ్డను ఉంచుతారు. నొక్కినప్పుడు వల కన్నాల గుండా పైగుడ్డ కిందిగుడ్డను తాకుతుంది, సర్క్యూట్ పూర్తవుతుంది. చేయి తీస్తే తిరిగి విడిపోతుంది. పైగుడ్డ పోగులు అడ్డంగా, కిందిగుడ్డ పోగులు నిలువుగా ఉంచితే, ఏ అడ్డ వరుస ఏ నిలువు వరుసను తాకిందో చూసి నొక్కిన చోటును కనుక్కోవచ్చు. నేతలోని పడుగు, పేకల లెక్కే ఇది. 16 అడ్డ వరుసలు, 16 నిలువు వరుసలు ఉంటే 256 చోట్లను గుర్తించవచ్చు. అందుకు కావలసిన తీగలు 32 మాత్రమే.

రెండవది నిరోధ మార్గం. మధ్యలో వలకు బదులు కార్బన్ కలిసిన పొరను ఉంచుతారు. దీనిని అర్థం చేసుకోవడానికి మన షిఫ్టు బస్సును తలచుకుంటే చాలు. బస్సు ఖాళీగా ఉన్నప్పుడు ముందువారి నుండి వెనుకవారికి టికెట్ డబ్బులు చేతులు మారడం కష్టం. కిక్కిరిసినప్పుడు భుజం భుజం తగిలి, ఎటునుండి ఎటైనా క్షణంలో అందుతాయి. పొరలోని కార్బన్ రేణువులు కూడా అంతే. ఒత్తిడి పెరిగే కొద్దీ అవి దగ్గరై, ఒకదానినొకటి తాకే చోట్లు పెరిగి, నిరోధం తగ్గుతుంది. కనుక తాకారా లేదా అన్నదే కాక, ఎంత బలంగా నొక్కుతున్నారన్నది కూడా తెలుస్తుంది.

మూడవది కెపాసిటీ మార్గం. దీనికి నొక్కవలసిన పని లేదు, తాకితే చాలు. మన ఎలక్ట్రీషియన్ జేబులోని టెస్టర్‌ను గమనించండి. లైనుకు ఆనించి, వెనుక మూతపై వేలు పెడితేనే లోపలి నియాన్ దీపం వెలుగుతుంది. రబ్బరు చెప్పులు వేసుకొని నిలబడినా వెలుగుతుంది. ఎందుకంటే మనిషి శరీరం ఒక కెపాసిటర్ పలక వంటిది. భూమికీ దానికీ మధ్య ఇంచుమించు 100 పికోఫారడ్ల కెపాసిటీ ఉంటుంది. వాహక గుడ్డ ముక్కకు పెద్ద నిరోధం ద్వారా కొద్దిపాటి విద్యుదావేశాన్ని పంపి, అది నిండడానికి పట్టే కాలాన్ని కొలుస్తారు. మనిషి చేయి తగిలితే ఆ పాత్ర పెద్దదైనట్లవుతుంది, నిండడానికి ఎక్కువ కాలం పడుతుంది. సెకనులో లక్షల వంతుల ఆ తేడాను చవకైన మైక్రోకంట్రోలర్ చిప్ సైతం లెక్కించగలదు. నేటి సెల్‌ఫోన్ తెరలు కూడా ఈ కెపాసిటీ సూత్రం మీదనే పనిచేస్తున్నాయి. వాటి తొలి రూపాన్ని ఇంగ్లండులోని రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఇ.ఎ. జాన్సన్ 1965లో వివరించారు.

పాట పాడిన కోటు, పాత పడిన కోటు

ఈ సూత్రాలతో వెలువడిన తొలి వింతలలో ఒకటి మీడియా ల్యాబ్ వారి సంగీతపు కోటు. మామూలు డెనిం కోటు మీద లోహ పోగుల దారంతో అంకెల పలకను ఎంబ్రాయిడరీ చేశారు. ఆ కుట్టుపై వేలు ఆనిస్తే స్వరాలు పలికేవి. చూసినవారు దానిని వేడుకగానే తలచి ఉంటారు. అయితే సర్క్యూట్‌ను సూదీ దారంతో కుట్టవచ్చునని అది నిరూపించింది.

తరువాతి మెట్టు 2015లో వచ్చింది. గూగుల్ సంస్థ వాహక దారాలను మామూలు మగ్గాలపైనే నేసే పథకాన్ని ప్రకటించి, దానికి ప్రాజెక్ట్ జాకార్డ్ అని పేరు పెట్టింది. ఆ పేరు ఫ్రాన్సులోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జాకార్డ్‌ది. ఆయన 1804లో రూపొందించిన మగ్గంలో కన్నాలు పొడిచిన అట్టలే డిజైనును నిర్ణయిస్తాయి. మన ధర్మవరం నేతగాళ్లు అంచుకు, కొంగుకు వాడే జాకార్డు ఆయన పేరుమీదుగా వచ్చినదే. ఆ అట్టల ఆలోచనే తరువాత లెక్కల యంత్రాలకు చేరింది. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలలో హెర్మన్ హోలెరిత్ కన్నాల కార్డులను ఉపయోగించారు. కంప్యూటర్ కేంద్రాలలో ఒకనాడు కన్నాల కార్డుల కట్టలతో పనిచేసిన మన సీనియర్ ఉద్యోగులకు ఈ వంశవృక్షం ప్రత్యేకంగా నచ్చుతుందని భావిస్తున్నాము. మగ్గం నుండి కంప్యూటర్ నేర్చుకున్నది. రెండు శతాబ్దాల తరువాత కంప్యూటర్ తిరిగి మగ్గం వద్దకు వచ్చింది.

2017లో లీవైస్ సంస్థతో కలిసి అమ్మకానికి తెచ్చిన కోటు ఖరీదు 350 డాలర్లు. ఎడమ చేతి మణికట్టు వద్ద నేసిన వాహక పోగులపై రెండుసార్లు తట్టినా, నిమిరినా జేబులోని ఫోనుకు సంకేతం అందేది. సైకిలు తొక్కుతూనే పాట మార్చవచ్చు, ఫోను కాల్‌కు స్పందించవచ్చు. అయితే ఆ పోగులు పది ఉతుకుల వరకే పనిచేస్తాయని సంస్థ వారే చెప్పారు. 2023లో ఆ కోటుకు తోడుగా ఉండే ఫోను అప్లికేషన్ నిలిచిపోయింది. దానితో కోటు మామూలు కోటుగా మిగిలింది. అమ్మమ్మ పట్టుచీర మనవరాలి పెళ్లి నాటికి కూడా కట్టుకునేందుకు ఉంటుంది. వస్త్రానికి తెలివి నేర్పేవారు వస్త్రం ఆయుర్దాయాన్ని కూడా గౌరవించవలసి ఉంటుందని ఈ ఉదంతం తెలుపుతున్నది.

మేము కుట్టిన పరుపు గుడ్డ

ఇక వదినగారి ప్రశ్న దగ్గరకు వద్దాము. మంచాన పడిన రోగి ఒకే పక్కన గంటల తరబడి ఉంటే, ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట చర్మం నలిగి, సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని కండ చచ్చుబడి పుండవుతుంది. నడుము కింద, తుంటి పక్కన, మడమల వద్ద ఈ ప్రమాదం ఎక్కువ. ఆరోగ్యవంతుడు నిద్రలోనే తెలియకుండా పక్కకు ఒత్తిగిలుతాడు. పక్షవాతం వచ్చినవారికి ఆ అవకాశం లేదు. అందుకే రెండు గంటలకొకసారి పక్క మార్చమనడం వాడుకలో ఉన్నది.

మేము ముగ్గురం సెలవు దినాలలో కూర్చొని పని మొదలుపెట్టాము. ఎలక్ట్రానిక్ కార్డులు చుట్టి వచ్చే నల్లని కార్బన్ పాలిథిన్ సంచులు కొన్ని అధికారుల అనుమతితో చెత్తబుట్ట నుండి తెచ్చుకున్నాము. పైన 6 వాహక గుడ్డ పట్టీలు నిలువుగా, కింద 4 పట్టీలు అడ్డంగా, మధ్య ఆ నల్లని పొర. మొత్తం 24 చోట్లు. 5 వోల్టుల బ్యాటరీ సరఫరా. ఇంటి కరెంటుతో ఎటువంటి సంబంధమూ పెట్టలేదు. ఏ ఒక్కచోటనైనా రెండు గంటలు వరుసగా ఒత్తిడి ఉంటే ఎర్రదీపం వెలగాలి. కాగితం మీద ఇది ఒక పూట పని.

చేతికి వచ్చేసరికి చిక్కులన్నీ ఎదురయ్యాయి. తీగను గుడ్డకు సోల్డరింగ్ చేయబోతే గుడ్డ కాలి ముడుచుకుపోయింది. మెత్తనిదానికి గట్టిదానిని అతకడం ఎలా? మా ముగ్గురి అనుభవం కలిపినా దారి తోచలేదు. కాలనీలో జాకెట్లు కుట్టే ఒక దర్జీ చూసి నవ్వి, "టిచ్ బటన్ వేయండి సార్" అన్నాడు. లోహపు టిచ్ బటన్‌లో ఒక భాగం గుడ్డకు, రెండవ భాగం తీగకు. అతుకు కుదిరింది. ఉతికేటప్పుడు ఊడదీయడానికి కూడా వీలయింది. పరిశోధకులు కూడా ఇదే ఉపాయాన్ని వాడారని ఆ తరువాత చదివి తెలుసుకున్నాము.

మొదటి రాత్రి దీపం ఆరనే లేదు. చెమటకు గుడ్డ తడిసి, వరుసల మధ్య విద్యుత్తు పాకింది. పైన ఒక సన్నని మైనపు గుడ్డను చేర్చాము. రెండవ చిక్కు కార్బన్ పొరది. ఒకే బరువును గంటల తరబడి ఉంచితే దాని నిరోధం తనంతట తానే నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. అంటే మారని ఒత్తిడిని కూడా అది పెరుగుతున్నట్లు చూపిస్తుంది. ప్రెషర్ గేజీకి చేసినట్లు దానికి కాలిబ్రేషన్ చేసి ఊరుకుంటే సరిపోదని గ్రహించాము. అంకెను నమ్మడం మానివేసి, బరువు ఉన్నదా లేదా అన్నంతవరకే దానిని అడగడం మొదలుపెట్టాము. మూడవది, గుడ్డ మడత. ఒక ముడత పడితే అక్కడ మనిషి ఉన్నట్లే చూపేది. మన ఆసుపత్రి వైద్యులు చూసి, ఆ ముడతే పుండుకు కారణం కావచ్చునని హెచ్చరించారు. అందువల్ల గుడ్డను నాలుగు మూలలా పరుపుకు బిగించి, దుప్పటి కింద మాత్రమే పరిచాము.

నెల రోజులు గడిచాయి. నడుము కింద కందడం తగ్గింది. మేము లోలోపల గర్వపడ్డామని ఒప్పుకోవాలి. అంతలో ఒక ఉదయం వదినగారు కబురు చేశారు. ఎడమ మడమ వద్ద చర్మం చిట్లింది. మా గుడ్డ నడుము భాగానికే ఉన్నది. మడమ దాని పరిధిలో లేదు. దీపం వెలగలేదు కనుక అంతా బాగానే ఉన్నదని రాత్రి వారు కాస్త ఎక్కువ నిద్రపోయారు. ఆ మాట వారు నిష్ఠూరంగా అనలేదు. అయినా మా ముగ్గురికీ ఆ రోజు అన్నం సహించలేదు. సెన్సార్ చూపినది నిజమే. అది చూడని చోట ఏమున్నదో ఎవరికీ చెప్పలేదు. ప్లాంటులో ఇరవై ఏళ్లుగా ఇతరులకు మేము చెబుతున్న పాఠాన్నే ఇంటి మంచం వద్ద మరచిపోయాము. అలారం రాలేదంటే ప్రమాదం లేదని అర్థం కాదు.

వైద్యుల చికిత్సతో ఆ గాయం మానింది. పక్క మార్చే పని తిరిగి గడియారాన్ని బట్టి, మనిషి చేతులతో సాగింది. ఇరుగుపొరుగు వారు, పిల్లలు రాత్రివేళ వంతులు వేసుకున్నారు. గుడ్డను జ్ఞాపకం చేసే సాధనంగా మాత్రమే ఉంచాము.

అరచేయంత గుడ్డ

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం రాసేవారము కాము. ఒకనాడు అన్నగారి ఎడమ చేయి పక్కన పెట్టిన కాలింగ్ బెల్ స్విచ్‌ను చూశాము. దానిని ఎవరూ వాడడం లేదు. ఎందుకని అడిగితే, ఆయన వేలికి దానిని నొక్కేంత పట్టు లేదని, చేయి జరిగితే స్విచ్ ఎక్కడున్నదో దొరకదని వదినగారు చెప్పారు. అప్పుడు తట్టింది. మేము ఇంతకాలం ఒత్తిడిని కొలవాలని తాపత్రయపడ్డాము. ఆయనకు కావలసింది ఒత్తిడి లేకుండా పలికే గుడ్డ.

వెండి పూత నైలాన్ గుడ్డను అరచేయంత కత్తిరించి, ఆయనకు ఎడమ వైపు దుప్పటి అంచుకు కుట్టాము. ఇది కెపాసిటీ పద్ధతి. చుట్టూ మరొక పట్టీ కుట్టి సర్క్యూట్ గ్రౌండ్‌కు కలిపాక చేయి తగిలినదీ లేనిదీ నికరంగా తెలిసింది. ఎనిమిది మీటర్ల తీగతో వంటింట్లో చిన్న బజర్. మొదట్లో నిద్రలో చేయి వాలినా మోగేది. అందుచేత మూడు సెకన్లలో రెండుసార్లు తడితేనే మోగేటట్లు ప్రోగ్రాం మార్చాము. చేయి ఊరికే ఆనుకొని ఉంటే గుడ్డ పట్టించుకోదు. తట్టితేనే పలుకుతుంది.

రెండుసార్లు తట్టడం ఆయనకు నేర్పడానికి పది రోజులు పట్టింది. పదకొండవ రోజు మధ్యాహ్నం మేము హాలులో కూర్చొని ఉండగా వంటింట్లో బజర్ మోగింది. వదినగారు పరుగున వెళ్లారు. ఆయనకు దాహమూ లేదు, నొప్పీ లేదు. కిటికీ తలుపు వైపు చూపు తిప్పారు. ఎండ ముఖాన పడుతున్నది. తెర వేశారు. అంతే. నాలుగు నెలలుగా ఎవరు వస్తే వారు గమనించి చేసే పనిని ఆ రోజు ఆయన తానై అడిగి చేయించుకున్నారు. తెర వేసి వెనుదిరిగిన వదినగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మా వైపు తిరిగి, "ఈయన నన్ను పిలిచి ఎన్నాళ్లయిందో" అన్నారు.

మిగిలిన ప్రశ్నలు

ఈ రంగంలో సాధించవలసినది ఇంకా ఎంతో ఉన్నది. ఉతుకు అన్నింటికంటే పెద్ద పరీక్ష. మా అరచేయంత గుడ్డను కూడా ఉతికినప్పుడల్లా మల్టీమీటర్‌తో పరీక్షిస్తున్నాము. వెండి పూత క్రమంగా రాలుతుంది. బ్లీచింగ్ పౌడర్ తగిలితే మరీ త్వరగా పాడవుతుంది. కనుక దానిని టిచ్ బటన్లతో ఊడదీసి కొత్తది వేసుకునేటట్లు ఉంచాము. నూలు, ప్లాస్టిక్, వెండి కలగలసిన వస్త్రం పనికిరాకుండా పోయినప్పుడు దానిని విడదీసి తిరిగి వాడుకోవడం సులభం కాదు. మరొక ప్రశ్న మర్యాదకు సంబంధించినది. పరుపు, కుర్చీ, చొక్కా మన కదలికలను గుర్తుపెట్టుకోవడం మొదలుపెడితే, ఆ సంగతులు ఎవరికి చేరాలో నిర్ణయించవలసినది ధరించినవారే. మేము చేసిన సాధనం ఏ సమాచారాన్నీ దాచిపెట్టదు, ఇంటి గడప దాటించదు. అది మా సామర్థ్యలోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు.

పరిశ్రమలో, వైద్యంలో ఈ గుడ్డలకు పని దొరుకుతూనే ఉన్నది. కార్లలో సీటుపై మనిషి ఉన్నదీ లేనిదీ గుర్తించే సెన్సార్లు, గుండె చప్పుడును పసిగట్టే బనియన్లు, మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ పోయినవారికి ఒత్తిడిని తెలిపే మేజోళ్ల వంటివి ప్రయోగశాలలోనూ, బజారులోనూ కనిపిస్తున్నాయి. స్పర్శ కోల్పోయిన పాదానికి గుడ్డ స్పర్శను అరువిస్తుందన్నమాట.

మన టౌన్‌షిప్‌లో సూదీ దారం పట్టడం బాగా తెలిసిన మహిళలున్నారు. సోల్డరింగ్ ఐరన్ పట్టడంలో చేయి తిరిగిన విశ్రాంత ఉద్యోగులున్నారు. ఈ రెండు విద్యలకూ ఇంతవరకు పరిచయం లేదు. ఆ పరిచయం కలిగితే ఎటువంటి వస్తువు పుడుతుందో ఒక దర్జీ మాటతో మాకు తెలిసివచ్చింది. ఇటువంటి అవసరం ఉన్న కుటుంబాలు మన కాలనీలో మరికొన్ని ఉండవచ్చు. వారు తెలియజేస్తే, మాకు తెలిసినంతవరకు కుట్టి ఇవ్వడానికి మేము ముగ్గురం సిద్ధంగా ఉన్నాము. వైద్యుల సలహా, ఇంటివారి చేయి అన్నింటికంటే ముందు. గుడ్డ ఆ తరువాతే.

అన్నగారు ఇప్పుడు కుర్చీలో కాసేపు కూర్చోగలుగుతున్నారు. దుప్పటి అంచున ఉన్న ఆ ముక్కను విప్పి కుర్చీ చేతికి కుట్టమని ఆయనే సైగ చేశారట. క్రిందటి వారం వెళ్లి కుట్టి వచ్చాము.